గుట్టెక్కే బస్సు

డిపోలో అందరూ ఆమెను బోల్టు అంటారు. ఇంట్లో పెట్టిన పేరు ఒకటుంది కానీ, అది హాజరు పిలిచేటప్పుడు తప్ప ఎక్కడా వినపడదు. షెడ్డులో చేరిన కొత్తలో, బయలుదేరబోతున్న ఒక బస్సుకి వెనక చక్రంలో ఒక బోల్టు తక్కువుండటం ఆమె కంట పడింది. వెళ్ళి బస్సుకి అడ్డంగా నిలబడింది. లోపల జనం కిక్కిరిసి ఉన్నారు. డ్రైవరు హారన్ మీద నుంచి చెయ్యి తియ్యలేదు. మేస్త్రి కేకలేశాడు. పనులకి ఆలస్యమైపోతోందని ప్రయాణికులు కిటికీల్లోంచి తలలు బయటపెట్టి తిట్టారు. పిల్ల కదిలితేగా! "బోల్టు పెట్టండి, తప్పుకుంటా" అన్నదే తప్ప రెండో మాట లేదు. చివరికి పెట్టారు. ఆ రోజు నుంచి ఆమె బోల్టు. వెక్కిరించడానికి పెట్టిన పేరే అది. ఆమె మాత్రం దాన్ని బిరుదులా తగిలించుకుని తిరిగింది.

ఆమె పుట్టింది ఊరి చివర గుట్ట మీది కాలనీలో. అక్కడికి ఒకటే దారి, అన్నీ మలుపులు. ఆ దారిన తిరిగేది ఒకటే బస్సు, పొట్టిది. దాన్ని నడిపేది ఆమె పెదనాన్న. తల్లి ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికేది. పొద్దున్నే ఆ బస్సులో కిందికి దిగి, పని ముగించుకుని అదే బస్సులో పైకి వచ్చేది. బడి లేనప్పుడల్లా బోల్టు మకాం పెదనాన్న పక్కన, ఇంజను మీది రేకు మూత మీద. చలికాలంలో ఆ మూత వెచ్చగా ఉండేది, ఎండాకాలంలో కాలేది.

"దీని కిందేముంది పెదనాన్నా?"

"నల్లభూతం. కదలకుండా కూచో, లేస్తే నిన్నే మింగుతుంది."

ఆ భూతాన్ని చూడాలని పిల్లకి ఒకటే తహతహ. గుట్టెక్కేటప్పుడల్లా అది కక్కే పొగ కాలనీ గోడలకి, ఆరేసిన బట్టలకి, పసిపిల్లల గొంతులకి పట్టేది. "ఊళ్ళో రోగులందరికీ దుప్పట్లు తెల్లగా ఉతికి ఇస్తాను, నా ఇంటి దుప్పటి మాత్రం ఎప్పుడూ నలుపే" అని తల్లి నవ్వేది. నవ్వుతూ దగ్గేది. బోల్టు మెకానిక్ కోర్సులో చేరతానన్నప్పుడు బంధువులు మూతులు విరిచారు. ఆడపిల్లకి గ్రీజు పనేమిటన్నారు. "గ్రీజుకి ఆడా మగా తెలీదులేండి" అని పెదనాన్న వాళ్ళ నోళ్ళు మూయించాడు.

పాత డీజిల్ బండ్లు ఇక ఊళ్ళో తిరగకూడదని కొత్త నిబంధన వచ్చినప్పుడు, షెడ్డులో అందరికంటే ఎక్కువ సంబరపడింది ఆమే. బ్యాటరీతో నడిచే కొత్త బస్సులు తళతళలాడుతూ వచ్చాయి. వాటిలో ఒకదాన్ని గుట్ట మీదికి పంపారు. ఎంత పొడుగు బస్సో అది! మొదటి మలుపులోనే మూతి గోడకి ఆనించి, తోక కాలవ మీద వేలాడేసి, వెనక్కి వెనక్కి జరుగుతూ అవమానంగా దిగొచ్చింది. అంతే, ఆఫీసులో ఒక నిర్ణయం జరిగిపోయింది. గుట్టవాళ్ళు ఇకమీదట కింది మలుపు దాకా నడిచి వచ్చి బస్సెక్కాలి. పాత పొట్టి బస్సు తుక్కుకి పోవాలి.

గుట్ట కింద కుర్చీలో కూర్చుని రాసే నిర్ణయాలకి మోకాళ్ళ నొప్పులుండవు. దమ్ము రాదు. చంకలో పిల్లా ఉండదు. గాలి శుభ్రపడాలన్న నిబంధన నూటికి నూరుపాళ్ళూ మంచిదే. కానీ దాని భారమంతా ఎత్తున ఉన్నవాళ్ళ కాళ్ళ మీద పడేస్తే, దాన్ని ఏ నోటితో అభివృద్ధి అందాం?

సరిగ్గా ఆ వారంలోనే డిపోలో ఒక సభ జరిగింది. "సుస్థిరాభివృద్ధిలో యువత పాత్ర" అని గోడంత బ్యానరు కట్టారు. కుర్చీలు నింపడానికి షెడ్డులోని కుర్రకారునంతా తోలుకొచ్చి, తలా ఒక ఆకుపచ్చ టోపీ పెట్టారు. డిపో పెద్ద ఆఫీసరు మైకు ముందు చేతులు చాచి, "మీరే రేపటి దేశం!" అన్నాడు. చప్పట్లు మోగాయి. చప్పట్లు ఆగాక చూస్తే ఒక చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది.

"ఏమ్మా, ఏదైనా చెప్తావా?"

బోల్టు లేచింది. "సార్, రేపటి దేశం రేపు చూసుకుందాం. ఇవాళ మాకో బస్సిస్తారా?"

సభ ఘొల్లుమంది. ఆఫీసరూ నవ్వాడు. "ఏ బస్సు?"

"షెడ్డు వెనక తుక్కుకి పెట్టారే, గుట్ట బస్సు. దాని ఇంజను పీకేసి మోటారూ బ్యాటరీలూ పెడతాం. పొట్టి బండి కాబట్టి మలుపులు తిరుగుతుంది. పొగ రాదు. కొత్తది కొనక్కర్లేదు."

"పెడతాం అంటున్నావు. ఎవరెవరు?"

 బోల్టు అంతకుముందు ఎవర్నీ అడగలేదు మరి. వెనక్కి తిరిగి చూసింది. ఎలక్ట్రికల్ సెక్షన్‌లో పనిచేసే పొడుగోడు లేచాడు. డిపోలో చేరకముందు సెల్‌ఫోన్లు రిపేరు చేసేవాడు. వాడి పక్కనే, శిక్షణకని కాలేజీ నుంచి వచ్చిన కళ్ళద్దాలమ్మాయి లేచింది. ఇద్దరి తలల మీదా టోపీలు. ఇద్దరి మొహాల్లోనూ "ఇరుక్కున్నాంరా బాబూ" అన్న నవ్వు.

ఎదురుగా కెమెరాలున్నాయి. ఆఫీసరు గొంతు పెంచి, "తప్పకుండా! యువత అడిగితే కాదంటామా?" అన్నాడు.

ఇలాంటి "తప్పకుండా"లు సభ అయిపోగానే బ్యానరుతో పాటు చుట్టేస్తారని అందరికీ తెలుసు. బోల్టుకీ తెలుసు. అందుకే మర్నాడు ఆఫీసరు టీ గ్లాసు అందుకునేసరికి గుమ్మంలో ప్రత్యక్షమైంది.

"నిన్న తప్పకుండా అన్నారు కదా సార్."

ఆయన ఆమెనూ గ్లాసునూ మార్చి మార్చి చూశాడు. "సరే. కానీ ఒక షరతు. నా ఎదుట ఆ బండి గుట్టెక్కి చూపించాలి. రోజూ ఆ రూటులో నడిపిన డ్రైవరే నడపాలి, మీ కుర్రాళ్ళ సర్కస్ పనికిరాదు. ఎక్కలేదో, బండి తుక్కుకి పోతుంది, గుట్ట రూటు మాట మళ్ళీ ఎవరూ ఎత్తకూడదు. ఒప్పుకుంటావా?"

"తప్పకుండా సార్" అంది బోల్టు, అచ్చం ఆయన గొంతుతో.

పని మొదలైంది. అదొక తిరనాళ్ళ! రోజూ తమ వంతు పని అయిపోగానే ముగ్గురూ షెడ్డు వెనకే. ప్రమాదంలో ముందు భాగం నుజ్జయిన కొత్త బస్సొకటి మూలన పడి ఉంటే, మేస్త్రి కాళ్ళావేళ్ళా పడి దాని మోటారునీ బ్యాటరీలనీ అడిగి తెచ్చుకున్నారు. గొలుసులకి వేలాడుతూ ఇంజను పైకి లేచిన రోజు, బోల్టు తన చిన్ననాటి నల్లభూతాన్ని మొట్టమొదటిసారి పూర్తిగా చూసింది. "ఓస్, ఇంతేనా!" అంది. పెదనాన్న మాత్రం మొహం పక్కకి తిప్పుకున్నాడు.

ఇంజను కిందికి దింపి, చేతులు దులుపుకుని, టీ తాగబోతుండగా కళ్ళద్దాలమ్మాయి చేతిలో గ్లాసు నోటి దాకా వెళ్ళి ఆగిపోయింది.

"ఒరేయ్ పొడుగూ... బ్రేకులకి గాలెవడు కొడతాడ్రా?"

ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు. ఆ బస్సు బ్రేకులు గాలితో పనిచేస్తాయి. ఆ గాలి నింపే పంపుని తిప్పేది ఇంజనే. ఇంజనేమో నేల మీద వెల్లకిలా పడి ఉంది.

"బ్రేకులెందుకు లెద్దూ," అన్నాడు పొడుగోడు తాపీగా, "గుట్ట ఎక్కాలన్నారు గానీ దిగాలన్నారా?"

నవ్వీ నవ్వీ టీ ఒలకబోసుకున్నారు. తర్వాత కరెంటుతో తిరిగే పంపు సంపాదించి పెట్టారు. ప్రతి చిక్కూ ఇలాగే వచ్చింది, గుండెల్లో రాయి వేసింది, నవ్వించింది, విడిపోయింది. పని తెలిసిన పెద్దవాళ్ళు చుట్టూ చేరి మొదట ఎగతాళి చేశారు. తర్వాత సలహాలిచ్చారు. ఆ తర్వాత ఎవరూ పిలవకుండానే చొక్కా చేతులు మడుచుకుని బండి కిందికి దూరారు. మేస్త్రి సరేసరి, రాత్రి కలలోకి కూడా ఆ బస్సే వస్తోందని పెళ్ళాం దెప్పుతోందన్నాడు.

బండి మొదటిసారి కదిలిన సాయంత్రం చూడాలి! పెదనాన్న సీట్లో కూర్చుని తాళం తిప్పాడు. చప్పుడు లేదు. మళ్ళీ తిప్పాడు. "స్టార్టవలేదే" అన్నాడు. "అయింది పెదనాన్నా, తొక్కు!" అని బోల్టు అరిచింది. కుడికాలు మెల్లగా నొక్కాడు. బస్సు పిల్లిలా ముందుకి జారింది. షెడ్డంతా ఈలలు, రేకుల మీద స్పానర్ల మోత. బోల్టు బస్సు వెంట పరిగెత్తింది. ఆమె కాళ్ళు నేల మీద ఆనుతున్నాయో లేదో చూసినవాళ్ళకే తెలియాలి.

అంతలో బస్సు ధన్‌మని ఆగిపోయింది. లోపలున్న పొడుగోడు ఎగిరొచ్చి అద్దానికి నుదురు కొట్టుకున్నాడు. మళ్ళీ కదిలింది. మలుపు దగ్గర మళ్ళీ ధన్‌మంది.

"ఏమైంది పెదనాన్నా?"

 బోల్టు వంగి ఆయన పాదాల వైపు చూసింది. అప్పుడు అర్థమైంది. ఇన్నేళ్ళుగా మలుపు వచ్చినప్పుడల్లా గేరు మార్చడానికి ఆయన ఎడమకాలు క్లచ్ తొక్కుతూ వచ్చింది. ఇప్పుడు బండికి గేర్లూ లేవు, క్లచ్చూ లేదు. ఆ కాలికి ఆ సంగతి తెలీదు. అది తన అలవాటు కొద్దీ లేచి, చోటు వెతుక్కుని, పక్కనే అందిన బ్రేకుని గట్టిగా తొక్కేస్తోంది.

ఎంత ప్రయత్నించినా అంతే. ఎడమకాలు ముడుచుకుని కూర్చున్నాడు. మలుపు రాగానే అది లేచింది. చివరికి బండి దిగి, "ఈ కాలు నా మాట వినదమ్మా. కుర్రాణ్ణెవర్నన్నా పెట్టుకోండి. నేనూ ఈ బండి ఇంజను లాంటివాణ్ణే" అనేసి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.

పరీక్షకని ఆఫీసరు పెట్టిన రోజు ముంచుకొస్తోంది. పొడుగోడు నుదుటి బొప్పి రుద్దుకుంటూ, "ఆ కాలుని తాడేసి సీటుకి కట్టేద్దామా?" అన్నాడు.

"ముందు నీ నోటికి కడతా" అంది బోల్టు.

"షరతు మార్చమని అడుగుదాం. మన వయసు డ్రైవరైతే రెండు రోజుల్లో అలవాటు పడతాడు" అంది కళ్ళద్దాలమ్మాయి. తెలివైన మాటే. బోల్టు కూడా ఒక నిమిషం అదే ఆలోచించింది. ఆ నిమిషానికి తర్వాత సిగ్గుపడింది. పొగని వదిలించుకునే హడావుడిలో మనుషుల్నీ దానితో పాటు ఊడ్చిపారేస్తే, తాము చేస్తున్నదానికీ గుట్టవాళ్ళని నడిచి రమ్మన్నవాళ్ళు చేసినదానికీ తేడా ఏముంది? బండిని తుక్కు కానివ్వనన్నది. బండి నడిపిన మనిషిని అవనిస్తుందా?

డ్రైవరు సీట్లో కూర్చుని ఎడమకాలు చాపి చూసింది. ఆ కాలికి కావలసింది ఏమిటి? తొక్కడానికి ఏదో ఒకటి. అంతే కదా! ఒక్క గెంతులో కిందికి దూకి తుక్కుకుప్ప మీద పడింది. బండి నుంచి ఊడదీసిన పాత క్లచ్ పెడల్నీ దాని స్ప్రింగునీ వెతికి పట్టుకొచ్చి, మునుపు ఎక్కడుండేదో అక్కడే వెల్డింగ్ చేసింది. పెదనాన్నని ఇంటి నుంచి చెయ్యి పట్టి లాక్కొచ్చింది.

"దీని కిందేముందే?"

"ఏమీ లేదు."

"మరెందుకు?"

"నీ కాలు ఖాళీగా ఉండలేకపోతోందిగా, దానికో ఉద్యోగం ఇచ్చా."

పెదనాన్న తొక్కి చూశాడు. ఇంకోసారి తొక్కాడు. మొహం చిట్లించి, "స్ప్రింగు మరీ బిగుతుగా ఉంది, కొంచెం సడలించు" అన్నాడు. షెడ్డు పగలబడి నవ్వింది. సడలించాక, యార్డు చుట్టూ బండిని నీళ్ళ మీద పడవలా తిప్పుకొచ్చాడు. ఎడమకాలు ప్రతి మలుపులోనూ ఉత్తుత్తి క్లచ్ తొక్కుతూనే ఉంది. బ్రేకు జోలికి పోలేదు.

పరీక్ష రోజు మధ్యాహ్నం ఆఫీసరు ఇంకో ఇద్దరు ఉద్యోగుల్ని వెంటబెట్టుకుని బండెక్కాడు. ఎక్కుతూనే ఆయన చూపు పెడళ్ళ మీద పడింది. "బ్యాటరీ బండికి మూడో పెడలేమిటి?"

"అది బండిక్కాదు సార్, మా పెదనాన్నకి" అంది బోల్టు.

ఆయన నవ్వు ఆపుకోవడానికి దగ్గాడు. "సరే పోనివ్వండి. దారిలో ఎవర్నీ ఎక్కించుకోవద్దు."

బస్సు ఊళ్ళోంచి సాగింది. ఆసుపత్రి స్టాపు దగ్గర పని దిగిన జనం గుంపుగా నిలబడి ఉన్నారు. వాళ్ళలో బోల్టు తల్లి కూడా ఉంది. తెలిసిన బస్సు కనబడేసరికి అందరి చేతులూ లేచాయి. బస్సు ఆగింది.

"ఎందుకాపావయ్యా?" ఆఫీసరు గద్దించాడు.

"చెయ్యెత్తారు సార్."

"ఇది పరీక్షని నీకు తెలీదూ?"

"నాకు తెలుసు సార్. ఇన్నేళ్ళ అలవాటు ఒప్పుకోవద్దూ?"

ఈలోపు జనం ఎక్కేశారు. బోల్టు తల్లి ముందు సీట్లో కూలబడి, "ఏమే, చప్పుడూ లేదూ పాడూ లేదు, దయ్యంలా వచ్చి పక్కన నిలబడ్డారు! గుండె ఆగిపోయిందనుకో!" అని కూతుర్ని తిట్టింది.

"అందర్నీ దించెయ్యండి" అన్నాడు ఆఫీసరు.

కళ్ళద్దాలమ్మాయి బోల్టు చెవిలో గుసగుసలాడింది. "ఖాళీ బండైతే ఇబ్బంది లేదు. ఇంతమందితో అంటే చివరి మలుపు దగ్గర మోటారు వేడెక్కుతుంది. ఎక్కుతుందనే అనుకుంటున్నా. గట్టిగా చెప్పలేను."

దించేస్తే సులువుగా గెలుస్తారు. బోల్టు బస్సంతా ఒకసారి కలయచూసింది. రెక్కలు విరిగేలా పని చేసొచ్చిన మనుషులు, సంచులు, ఒళ్ళో నిద్రపోతున్న ఒక పసివాడు.

"ఉండనివ్వండి సార్" అంది. "ఖాళీ బస్సు ఎక్కితే ఎవరికి లాభం?"

గుట్ట మొదలైంది. మొదటి మలుపులో, పొడుగు బస్సు మూతి గీసిన గోడ పక్క నుంచి పొట్టి బస్సు అలవోకగా తిరిగిపోయింది. జనం కేరింతలు కొట్టారు. ఒక్కో మలుపూ దాటుతుంటే కిటికీల్లోంచి తలలు, తలుపుల్లోంచి మొహాలు. పొగ వస్తుందని ముక్కు మూసుకున్న ఒక ముసలాయన, ముక్కుని మెల్లగా వదిలేశాడు.

చివరి మలుపు అన్నిటికంటే నిటారు. సగం ఎక్కాక బస్సు నెమ్మదించింది. పెదనాన్న ముందు ఎర్రదీపం వెలిగింది. కుడికాలు ఎంత నొక్కినా వేగం తగ్గుతూనే ఉంది. ఎడమకాలు ఉత్తి పెడల్ని ఆపకుండా తొక్కేస్తోంది. మగవాళ్ళు కొందరు లేచి నిలబడ్డారు, దిగి తోయడానికి.

"వేడెక్కింది" అంది కళ్ళద్దాలమ్మాయి. పొడుగోడు అప్పటికే సీటు కింది మూత తెరిచి, ఎవరి చేతిలోదో పేపరు లాక్కుని విసురుతున్నాడు.

బోల్టు పెదనాన్న భుజం మీద చెయ్యి వేసింది. "ఆపు."

"ఇక్కడా?" అన్నాడాయన. "ఈ మలుపులో జన్మలో ఆపలేదే! ఇక్కడ ఆపితే బండి మళ్ళీ లేవదు, వెనక్కి పోతుంది!"

"అది ఇంజను బండి పెదనాన్నా. ఇది ఆగిన చోటు నుంచే బలంగా లాగుతుంది. కాస్త చల్లారనిద్దాం. నన్ను నమ్ము."

ఆయన అద్దంలోంచి వెనకాల జనాన్ని చూశాడు. తమ్ముడి కూతుర్ని చూశాడు. బ్రేకు వేశాడు.

బస్సు ఆ వాలులో నిలబడిపోయింది.  ఆ మలుపులో అంత నిశ్శబ్దం గుట్టవాళ్ళెవరూ ఎరగరు. పై ఇంట్లో ఎవరో గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినపడింది. ఎక్కడో పిట్ట కూసింది. ఆఫీసరు ముందు సీటు కమ్మీని రెండు చేతులా పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

ఎర్రదీపం ఆరింది.

"ఇప్పుడు!" అని బోల్టు అరిచింది.

బస్సు గోరంత కూడా వెనక్కి జారలేదు. ఎవరో వెనక నుంచి అరచెయ్యి ఆనించి ఎత్తినట్టు ముందుకి లేచింది. మలుపు తిరిగింది. ఎక్కింది! లోపల ఎవరు ఎవర్ని కావలించుకుంటున్నారో తెలియనంత గోల. పసివాడు లేచి ఏడుపు లంకించుకున్నాడు. పొడుగోడు పైకమ్మీకి తల కొట్టుకుని రెండో బొప్పి కట్టించుకున్నాడు.

గుట్ట మీద పిల్లలు బస్సు చుట్టూ మూగారు. ఆఫీసరు చెమట తుడుచుకుని, "బాగా చేశారు. చాలా బాగా చేశారు. ఫైలు పెడతాను, కమిటీ పరిశీలిస్తుంది. అప్పటిదాకా బండి డిపోలో ఉంటుంది" అన్నాడు.

బోల్టు మొహం పాలిపోయింది. "అంటే రేపు పొద్దున బస్సు రాదా సార్?"

"రేపెలా వస్తుందమ్మా? దేనికైనా ఒక పద్ధతుంటుంది."

తలుపులు తెరిచి ఉన్నాయి. ఎవరూ దిగలేదు. బోల్టు తల్లి సంచి ఒళ్ళోకి లాక్కుని ఇంకా సర్దుకు కూర్చుంది.

"దిగండమ్మా, మీ ఊరొచ్చింది" అన్నాడు ఆఫీసరు.

"దిగం బాబూ. రేపు బస్సొస్తుందని చెప్పండి, దిగుతాం. పద్ధతి మాకూ ఉంటుంది."

"నేను ఇంటికి వెళ్ళాలి కదమ్మా!"

"నడిచి వెళ్ళండి. మమ్మల్ని నడవమన్నారుగా, ఎలా ఉంటుందో మీకూ తెలుస్తుంది" అన్నారు వెనక సీట్లోంచి ఎవరో. బస్సంతా "అవునవును" అంది.

ఆఫీసరు కిటికీలోంచి ఆ వాలు దారిని కింది దాకా చూశాడు. ఫోను తీశాడు. ఎవరితోనో మాట్లాడాడు, వాదించాడు, ఒకసారి గొంతు కూడా పెంచాడు. ఫోను పెట్టేసి, "కమిటీ చూసేదాకా... తాత్కాలికంగా... రేపటి నుంచి నడపండి" అన్నాడు.

"తాత్కాలికంగా అంటే ఎంతవరకు సార్? షెడ్డు వెనక ఇంకా పొట్టి బస్సులున్నాయి, వాటి సంగతి..."

"నడపమన్నాను కదమ్మా! మిగతావి రేపు మాట్లాడుకుందాం."

"తప్పకుండా పొద్దున్నే వస్తా సార్" అంది బోల్టు. ఆయన ఒక్క నిట్టూర్పు విడిచాడు.

అప్పుడు దిగారు జనం, గెలిచినవాళ్ళు దిగినట్టు. పెదనాన్న బండి తిప్పి పెట్టి, కిటికీలోంచి తల బయటికి చాచి, "కిందికొచ్చేవాళ్ళున్నారా? బండి బయల్దేరుతోంది!" అని కేకేశాడు. కిందికి వెళ్ళే పని ఎవరికీ లేదు. అయినా పిల్లలు బిలబిలమని ఎక్కేశారు. వాళ్ళ వెనక పెద్దవాళ్ళూ ఎక్కారు. ఇప్పుడే దిగిన బోల్టు తల్లి మళ్ళీ మెట్టు మీద కాలు పెట్టింది.

"నువ్వెక్కడికే అమ్మా, ఇప్పుడే కదా వచ్చావు?"

"ఎక్కడికీ లేదు. జరుగు, కిటికీ పక్క సీటు నాది" అంది ఆమె.